చెంబెడు నీళ్ళు - చిన్నారుల ఆట



ఏడాది నిండి అడుగులు వేయ నేర్చిన బిడ్డను ఇంటిలో విడిచి చూడుడు. కొని తెచ్చిన బొమ్మలకడకు పోవునో లేదో చెప్పలేము గాని, నీళ్ళకడకు మాత్రము తప్పక పోవును. పెరటిలోని గాబు, పంపు క్రింది బకెట్టు, కుక్కకు పెట్టిన ముంత, పూజకై తెచ్చియుంచిన పంచపాత్ర, ఏదైనను ఒకటే. చేయి ముంచును, చేతిని పైకెత్తి వ్రేళ్ళనుండి జారు బొట్లను చూచును, మరల ముంచును. అంతలో వంటయింటినుండి తల్లియో, వసారానుండి నాయనమ్మయో కేక వేయుదురు: “నీళ్ళల్లో చెయ్యి పెట్టకు, జలుబు చేస్తుంది!” పరుగున వచ్చి బిడ్డను చంకనెత్తుకొని పోయి చేతికొక గిలక నిత్తురు. బిడ్డ ఆ గిలకను విసరివైచి మరల నీళ్ళవైపే చూచును.

మన యిండ్లలో ఇది దినమునకు పదిమారులు జరుగు కథయే. నేడు నేను మనవి చేయదలచిన దొక్కటే. బిడ్డను నీళ్ళనుండి లాగుటకై దినమంతయు పడు పాటులో కొంత తగ్గించుకొని, ఒక్క అరగంట బిడ్డతోపాటు నీళ్ళయొద్ద కూర్చుండుడు. ఖరీదైన బొమ్మలు నేర్పలేని వెన్నో ఆ అరగంటలో బిడ్డకు పట్టుబడును. అయితే “కూర్చుండుడు” అను మాటను నేను ఊరక వాడలేదు. ఈ ప్రసంగములో పెద్ద పాలు ఆ మాటను గూర్చియే.

బిడ్డ నీళ్ళతో చేయునది అల్లరియా, పనియా అను సందేహమును ముందు తీర్చుకొందము. రెండేండ్ల బిడ్డ ముందు రెండు చిన్న గిన్నెలుంచి, ఒకదానిలో సగము వరకు నీళ్ళు పోసి, ఏమియు చెప్పక చూచుచుండుడు. బిడ్డ నీళ్ళ గిన్నె నెత్తి రెండవదానిలోనికి వంచును. మొదటిమారు నీరంతయు నేలపాలు. రెండవమారు గిన్నె అంచును అంచున కానించి వంచును. సగము లోపల, సగము బయట. పదవమారునకు చేయి నెమ్మదించును, ధార సన్నగిలును. నాలుక కొంచెము బయటకు పెట్టి, కన్నులార్పక పోయుచుండును. అప్పుడు మీరు పిలిచినను పలుకదు. ఇంతటి ఏకాగ్రతతో మనము చేయు పనులు దినమున కెన్ని గలవో ఎవరికి వారే లెక్కించుకొనవచ్చును.

మోచేయి, మణికట్టు, వ్రేళ్ళు, కన్ను - ఈ నాలుగింటికి పొత్తు కుదురుట పసితనమున పెద్ద పని. ముద్ద కలుపుకొనుటకు, గుండీ పెట్టుకొనుటకు, ఆపైన బలపము పట్టుటకు ఆ పొత్తే ఆధారము. నీటి గుణమేమనగా, అది చేసిన తప్పును తత్క్షణమే చూపును, కాని కసరదు. చేయి వణకిన ధార వణకును. చేయి నిలిచిన ధార నిలుచును. పేర్చిన చెక్కలు కూలినచో బిడ్డ ఏడ్చును. నీళ్ళాటలో నీళ్ళొలికినవని ఏడ్చిన బిడ్డను నేను చూడలేదు.

ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరీ పేరు మీలో చాలమంది వినియే యుందురు. ఆమె తన మొదటి శిశుగృహమును 1907లో రోము నగరమున తెరచెను. 1939లో మదరాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చి, యుద్ధకారణమున 1946 వరకు మన దేశముననే ఉండిపోయెను. ఆమె పద్ధతిలో ఒక చిన్న కూజానుండి మరియొక కూజాలోనికి ఒలుకకుండ పోయుట ఒక పాఠము. మొదట గింజలు, పిదప నీరు. ఒలికినదానిని బిడ్డయే గుడ్డతో తుడుచుట కూడ ఆ పాఠములోనిదే. రుసుము చెల్లించి బడిలో చెప్పించు ఈ పాఠము మన వంటయింటి గుమ్మమున ఉచితముగా దొరకుచుండగా, మనము గిలక నిచ్చి బిడ్డను ఎత్తుకొని పోవుచున్నాము.

జెనీవా పండితుడు పియాజే చేసిన పరీక్షయు ఇచట చెప్పదగినది. ఒకే తీరున ఉన్న రెండు గ్లాసులలో సమానముగా నీరు పోసి, బిడ్డ యెదుటనే ఒకదానిలోని నీటిని సన్నని పొడుగు గ్లాసులోనికి వంచి, ఎందులో ఎక్కువ అని అడిగినచో, ఆరేడేండ్లలోపు పిల్లలు సాధారణముగా పొడుగు గ్లాసునే చూపుదురు. నీరు అదియే, మారినది పాత్రయే అను సంగతి మాటతో చెప్పిన వారికి ఎక్కదు. చేతులార పోసి, వంచి, మరల పోసి చూచుచుండగా, వయసుతోపాటు దానంతటదే తెలిసివచ్చును. కావున రెండేండ్ల బిడ్డను ఈ ప్రశ్నతో పరీక్షింపనక్కరలేదు. పోయనిచ్చిన చాలును.

ఇక “కూర్చుండుడు” అన్న మాటకు వచ్చెదను.

పసిబిడ్డ మునుగుటకు చెరువు అక్కరలేదు. రెండంగుళముల నీరు, అనగా ముక్కును నోరును మునుగునంత నీరు చాలును. పుట్టిన బిడ్డకు తల శరీరపు పొడవులో నాలుగవవంతుండును; పెద్దవారికి ఇంచుమించు ఎనిమిదవవంతే. నడక నేర్చిన బిడ్డకు కూడ బరువు పైభాగముననే ఎక్కువ. బకెట్టులోనికి తొంగిచూచి తలక్రిందుగా పడిన బిడ్డ తనను తాను పైకి లేపుకొనలేదు. నిండు బకెట్టు బరువుగా ఉండుటచే ఒరిగి నీరు పారిపోవుట కూడ జరుగదు. మరియొక ముఖ్య విషయము. సినిమాలలో చూపునట్లు మునుగు బిడ్డ కేకలు వేయదు, చేతులు కొట్టుకొనదు. ముక్కును నోరును నీటిలో ఉండగా కేక యెట్లు వచ్చును? అంతయు నిశ్శబ్దముగా జరిగిపోవును. “పక్కగదిలోనే ఉన్నాను, చప్పుడైతే వినపడదా?” అను ధైర్యము అందుచేత పనికిరాదు. మెదడునకు ప్రాణవాయువందక నాలుగైదు నిమిషములు గడచినచో తీరని నష్టము కలుగును. పొంగుచున్న పాలు దించి, తలుపు తట్టినవారితో నాలుగు మాటలాడి వచ్చుటకు పట్టు కాలము అంతకంటె తక్కువ కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదికను బట్టి, 2021లో ప్రపంచమున దాదాపు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో ఇంచుమించు నాలుగవవంతు అయిదేండ్లలోపు పిల్లలు. బంగ్లాదేశ్ పల్లెలలో పరిశీలించిన వారికి తెలిసినదేమనగా, పసిపిల్లలు మునిగిన ప్రమాదములలో చాల భాగము ఇంటి సమీపముననే, ఉదయము 9 గంటలు మొదలు మధ్యాహ్నము 1 గంట వరకు, తల్లులు వంటలోను ఇంటిపనిలోను తలమునకలై యుండు వేళ జరుగుచున్నవి. అందుచే ఆ నాలుగు గంటలు ఊరి పిల్లలను ఒకచోట చేర్చి, వారిని కనిపెట్టుకొనియుండుటయే పనిగా ఒక స్త్రీని నియమించు పద్ధతిని అచట ప్రవేశపెట్టిరి. ఎందరో పిల్లల ప్రాణములు దక్కినవి. ఇందులో మందు లేదు, యంత్రము లేదు. ఉన్నదెల్ల ఒక మనిషి చూపు.

కావున మన నీళ్ళాటకు నియమ మిది. ఒక పెద్దమనిషి, చేయి చాచిన బిడ్డ తగులునంత దగ్గరగా కూర్చుండవలెను. ఆ అరగంట ఆ మనిషికి వేరు పని యుండరాదు. కూర తరుగుట, పత్రిక చదువుట, ఫోను చూచుట, ఏదియు కూడదు. రేడియో వినవచ్చును, చెవులు మాకప్పగించినను కన్నులు బిడ్డవే. అయిదారేండ్ల అక్కనో అన్ననో కాపుంచుట కాపు కానే కాదు. అది ఆ చిన్నవారిపై మోపరాని బరువు. తలుపు తట్టినచో బిడ్డను ఎత్తుకొనియే పోయి తీయవలెను. మీరు లేవవలసి వచ్చినచో “కాస్త చూస్తుండండి” అని గాలిలోనికి చెప్పి పోరాదు. “అత్తయ్యా, నేను లేస్తున్నాను, ఇక మీరు చూడండి” అని ఒకరికి అప్పగించి, ఆమె వచ్చి కూర్చున్న పిదపనే లేవవలెను. ఇంటినిండ జనమున్నప్పుడే భయమెక్కువ. అందరును వేరొకరు చూచుచున్నారనుకొందురు. పెండ్లియిండ్లలో ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

ఆపద కలిగినప్పుడు చేయవలసినదానిని కూడ ఒక ముక్క చెప్పి ఆటలోనికి పోయెదను. మునిగిన బిడ్డను కాళ్ళు పట్టి తలక్రిందుగా త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట అను పాత అలవాట్ల వలన మేలు లేదు. విలువైన కాలము పోవును, హానియు కలుగును. ఊపిరి లేనిచో వెంటనే నోటితో ఊపిరి నూదుటయు, ఛాతీ నొక్కుటయు మొదలుపెట్టి, వేరొకరిచేత 108కి ఫోను చేయించవలెను. ఆ పద్ధతి చెవితో విని నేర్చునది కాదు. తెలిసిన వైద్యునియొద్దనో శిక్షణ తరగతిలోనో బొమ్మపైన చేతులుంచి నేర్చుకొనవలెను. ఇంటికొక్కరైనను నేర్చియుండుడు. బిడ్డ తేరుకొన్నట్లే కనబడినను ఆస్పత్రికి తీసికొనిపోక మానరాదు.

భయపెట్టి ఆటను మాన్పించుట నా ఉద్దేశము కాదు. ఎంత అడ్డగించినను బిడ్డ చూపు నీళ్ళమీదినుండి మరలదు. ఆ ముచ్చట మన కన్నులయెదుట, మన చేతిక్రింద, లోతులేని నీటిలో తీరుట మేలు కాదా?

గాబు, బకెట్టు, సిమెంటు తొట్టి ఆటకు పనికిరావు. వెడల్పయి లోతులేని పాత్ర కావలెను: పిండి కలుపు బేసిను, పెద్ద తాంబాళము, లేక అంచులున్న వెడల్పాటి పళ్ళెము. దానిని నేలపైననే ఉంచుడు. బిడ్డ దాని పక్కన కూర్చుండవలెను గాని దానిలో కాదు. నీరు రెండు మూడు వ్రేళ్ళ లోతుకు మించనక్కరలేదు. పెరడున్నవారికి పెరడు, అరుగున్నవారికి అరుగు. మేడలలో చిన్న వాటాలలో ఉండువారు స్నానపుగదిముందో వంటయింటి మూలనో కూర్చుండవచ్చును. గచ్చు నునుపైనచో పాత గోనెసంచి పరచుడు. తడిగచ్చుపై జారిపడుట పిల్లలకే కాదు, వారిని పట్టబోయిన నాయనమ్మలకును ప్రమాదమే.

బిడ్డ ఆడు నీరు బిడ్డ త్రాగును. ఎంత వద్దన్నను ఒక గుక్కయైన మ్రింగును. అందుచేత మీరు త్రాగని నీటిని ఆటకీయరాదు. కాలువ నీరు, వానగుంట నీరు, నాలుగు దినములు నిలువయున్న తొట్టి నీరు వలదు. చలికాలమున గోరువెచ్చగా ఉండవలెను. ముందు చన్నీళ్ళు పోసి, పిదప వేన్నీళ్ళు కలిపి, మీ మోచేయి ముంచి చూచి, ఆ తరువాతనే బిడ్డను పిలువుడు. వేన్నీళ్ళ కాగు ఆ దరిదాపుల ఉండరాదు.

జలుబు మాట. జలుబు సూక్ష్మజీవుల వలన, జలుబున్న మనుష్యులనుండి అంటును గాని నీళ్ళలో చేయి పెట్టినందున పుట్టదు. అట్లని తడిబట్టలతో గాలిలో వణకనీయవచ్చునని కాదు. బిడ్డ పెదవులు రంగు మారినను, వణకినను ఆట ముగిసినట్లే. జ్వరము, విరేచనములు, చెవిలో చీము ఉన్న దినములలో వలదు. నా మట్టునకు తలంటి స్నానమునకు ముందటి అరగంట అన్నింటికంటె అనువని తోచును. ఎట్లును బట్టలు విప్పవలసియే యున్నది. తడిసిన చింత లేదు. ఆటలో అలసిన బిడ్డ తలంటునప్పుడు అంత పేచీ పెట్టదు.

ఇక ఆటలు. ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు బిడ్డకు ఆట నేర్పనక్కరలేదు. అరచేతితో నీటిని చరచుట, చిందినప్పుడు ఉలికిపడుట, నవ్వుట, మరల చరచుట, ఇదియే కావలసినంత. మీరు ఒక చేతిగుడ్డను నీటిలో వేసినచో తీయును. మరల మీరు వేసినచో మరల తీయును. ఈ వ్యవహారము మీకు విసుగు పుట్టించును గాని బిడ్డకు పుట్టింపదు. “నేను వేసితిని, పోయెను, వెదకితిని, దొరకెను” అను ఎరుక చిన్నది కాదు.

ఏడాదిన్నర దాటిన పిదప చేతికి చెంబు నిండు. పెద్ద చెంబు కాదు. బిడ్డ పిడికిటికి అందు చిన్నది. ఒక టీ గ్లాసు, ఒక గరిటె, ఒక కొబ్బరి చిప్ప, టీ వడపోయు జల్లెడ, ఇవి చాలును. చిప్ప అంచును గరుకు రాతిపై అరగదీసి నునుపు చేయుడు. గాజు వలదు. పదునైన అంచున్న డబ్బా రేకులు వలదు. మూడేండ్లలోపు బిడ్డకు గోలీలు, చింతగింజలు, పూసలు ఈయరాదు. నోటిలో వేసికొనినచో గొంతున అడ్డుపడును. ఇన్ని వస్తువులను ఒకేసారి పోగుపెట్టినచో బిడ్డ దేనితోను ఆడదు. దినమునకు రెండు మూడు చూపి, మరునాడు మార్చుడు.

జల్లెడ వింతను ఒకసారి చూపించుడు. చెంబుతో ముంచిన నీరు వచ్చును. జల్లెడతో ముంచినచో పైకి వచ్చువరకు మాయమగును. రెండేండ్ల బిడ్డ ఆ జల్లెడను తలక్రిందులు చేసి చూచును, క్రిందినుండి కన్నుపెట్టి చూచును. వెంటనే “అందులో కన్నాలున్నాయి నాన్నా” అని చెప్పివేయకుడు. తానే ఆ కన్నములలో వ్రేలు పెట్టి కనుగొనువరకు ఆగుడు. ఎంతయో కాలము పట్టదు.

గిద్దె, సోల, తవ్వ, మానిక అటకపైన ఇంకను మిగిలియున్న ఇండ్లు కొన్ని గలవు. వానిని దించి, తోమి, బిడ్డ కిండు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అను లెక్క మనకే మరుపునకు వచ్చుచున్నది. రెండేండ్ల బిడ్డకు లెక్క చెప్పుట కాదు. గిద్దెతో ఎన్నోమారులు పోసినగాని సోల నిండదనియు, సోలనిండ నీటిని గిద్దెలో పోయబోయిన పొర్లిపోవుననియు చేయి తెలిసికొనును. అంకె తరువాత వచ్చును.

మునుగుట, తేలుట మరియొక ఆట. దీనికి కూరగాయల బుట్ట చాలును. ఒక పెద్ద వంకాయను నీటిలో వేయుడు, తేలును. దానికంటె చిన్న బంగాళదుంపను వేయుడు, బుడుంగున మునుగును. పెద్దది మునుగును, చిన్నది తేలును అను మన అంచనాయే ఇచట తలక్రిందగును. ఈ ఆటకు పళ్ళెము చాలదు, బేసినులో జానెడు నీరు కావలెను. కావున రెండు నిండిన పిల్లలకే, మీ చేయి బేసిను అంచుపైన ఉండగనే. పిదప ఒక చిన్న స్టీలు గిన్నెను నీటిపై నిలుపుడు. తేలును. బిడ్డచేత దానిలోనికి గరిటెతో కొంచెము కొంచెముగా నీరు పోయించుడు. గిన్నె క్రుంగును, ఒక ప్రక్కకు ఒరగును, అంచు తాకగనే తటాలున మునుగును. బిడ్డ చప్పట్లు చరచును. “మళ్ళీ” అను మాట మీరు ఎన్నిమారులు విందురో!

ఈ మునుగు గిన్నెయే మన పూర్వుల గడియారము. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిపై తేల్చినచో, నీరు లోని కెక్కి అది మునుగుటకు పట్టు కాలము ఒక గడియ. ఇప్పటి లెక్కలో 24 నిమిషములు. అహోరాత్రములకు 60 గడియలు. గడియారమను మాట ఆ గడియనుండి వచ్చినదే. నీళ్ళాటకు నేను చెప్పు అరగంటయు ఇంచుమించు అంతే గదా!

ఇంటిపనినే ఆట చేయుటలో మన యిండ్లకు మించినవి లేవు. చేతిగుడ్డను తడిపి పిండించుడు. పిండుట చిన్న పని కాదు. రెండు చేతులు రెండు దిక్కులకు తిరుగవలెను. మొదట గుడ్డను పిసుకుదురు గాని మెలిపెట్టలేరు. కొన్ని వారములకు మెలి పడును. ఆ దినము ఆ తల్లి నాకు కబురు చేయదగినంత దినము. బొమ్మకు స్నానము చేయించుట, ఆకుకూర జాడించుట, దుంపలు కడుగుట, ఇవన్నియు బిడ్డకు ఆటయే. మీ పనియు కొంత జరుగును, మరికొంత పెరుగును. పెరిగినదానిని గూర్చి విసుగుకొనకుడు.

వాకిట కళ్ళాపి చల్లు తల్లి వెంట బిడ్డ కొంగు పట్టుకొని తిరుగుచుండును. దానికొక గ్లాసెడు నీళ్ళిచ్చి చల్లనిండు. ఎండ వేళ అరుగుపైన ఇంకొక ఆట యున్నది: కొబ్బరి పీచును చిన్న కుంచెగా కట్టి, నీటిలో ముంచి, బండలపైన గీతలు గీయించుడు. తడిగీత నల్లగా కనబడును. చూచుచుండగనే అంచులనుండి తరిగి మాయమగును. గోడ పాడగునను చింత లేదు, రంగు ఖర్చు లేదు, పలక తుడుచు శ్రమ లేదు. రెండున్నరేండ్ల నా మనుమరాలు గీత ఎక్కడికి పోయినదని బండ క్రిందికి తొంగిచూచినది. ఎండ త్రాగివేసినదని వాళ్ళ తాత చెప్పెను. అందులో తప్పేమియు లేదు.

రంగునీళ్ళు కావలెనన్నచో, బజారు రంగులేల? కాయలు, గింజలు లేకుండ ఏరిన శంఖుపూల రేకులను మీరు వేన్నీటిలో నానవేసి చల్లార్చినచో నీరు నీలముగా వచ్చును. అందులో మీరే నాలుగు బొట్లు నిమ్మరసము పిండినచో నీలము ఊదారంగుగా మారును. పసుపునీళ్ళును బాగుండును గాని బట్టలకు అంటిన మరక పోదు. పసుపులో సున్నము కలిపి ఎర్రనీళ్ళు చేయుట పిల్లలయెదుట వలదు. సున్నము కంటికి చేటు. కుంకుడు నురుగు ఎంత అందముగా ఉండినను కంటబడిన ఎట్లుండునో మనలో ప్రతివారికిని చిన్ననాటి అనుభవమే. నురుగు కావలెనన్నచో పసిపిల్లల సబ్బు కొంచెము చాలును.

ఆడునంతసేపు మీరేమి మాటలాడవలెను? ఎక్కువ వలదు. కాని నీటికి మన తెలుగులో ఉన్నన్ని మాటలు పసిచెవికి వినిపించుటకు ఇంతకంటె మంచి సమయము లేదు. నీరు పోయుట వేరు, వంచుట వేరు. ఒలుకుట, చిందుట, పొర్లుట, కారుట, ఊరుట, ఇంకుట, ఉబుకుట, దేనికదే. కన్నము నుండి బొట్లుబొట్లుగా కారును. చెంబునుండి బుడబుడమని దిగును. పైనుండి పోసిన జలజల పారును. ఇవి పుస్తకములో చదివి నేర్చునవి కావు. ఒలికిన క్షణమున “ఒలికింది” అని మీరన్నచో, ఆ మాట ఆ చెమ్మతోకూడ బిడ్డ మనసున నాటును. “ఇది ఏమిటి, అది ఏమిటి” అని బడిపంతులువలె ప్రశ్నించుట మాత్రము మానుడు.

వేసవిలో బిందెడు నీటికి వరుసలో నిలబడు ఊళ్ళవారు, “ఇంత నీరు ఆటకా?” అని అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఈ ఆటకు రెండు చెంబుల నీరు చాలును. ఆడిన పిదప ఆ నీరు ఎచ్చటికిని పోదు. సబ్బు కలియనిచో తులసికోటకో, కరివేపచెట్టు మొదటికో పోవును. అంతయు కరువైన దినములలో గింజలతోనో ఇసుకతోనో కొంత సరిపెట్టవచ్చును; గింజలు మ్రింగకుండ కనిపెట్టుట మరువకుడు.

ఆట ముగించుటయే అన్నింటికంటె కష్టమని తల్లులందురు. నిజమే. చటుక్కున పాత్ర నెత్తుకొని పోయినచో ఇల్లెగిరిపోవునట్లు ఏడ్చును. “ఇంకో మూడు చెంబులు పోసి చాలిద్దాం” అని ముందు చెప్పుడు. మూడు అన్న అంకె తెలియకున్నను, ముగింపు వచ్చుచున్నదని తెలియును. కడపటి చెంబు మొక్కకు పోయు పని బిడ్డదే. పాత్రను బోర్లించు పనియు బిడ్డకే అప్పగించుడు. మీరొక చేయి వేయుడు. ఈ బోర్లించుటలో రెండు లాభములున్నవి. బిడ్డ మరల ఒంటరిగా వచ్చినను అందులో నీరుండదు. నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టి వారము పది దినములలో ఎగిరిపోవు డెంగీ దోమకును చోటు దొరకదు. తొట్టి, గాబు, సంపులపై బిడ్డ తీయలేని గట్టి మూత ఉన్నదా అని ఆ పూటే ఒకమారు చూచుకొనుడు. స్నానపుగది తలుపు గడియ బిడ్డకు అందని ఎత్తున పెట్టించుడు. ఖాళీ బకెట్లను కూడ బోర్లించియే ఉంచుడు.

పిదప పొడిగుడ్డతో వ్రేళ్ళ సందులు, చెవుల వెనుక, మెడ మడతలు తుడిచి, పొడిబట్టలు వేసి, గోరువెచ్చని పాలు పట్టుడు. చేతులు నానియున్నందున గోళ్ళు మెత్తగా ఉండును. కత్తిరించుటకు అదియే మంచి సమయము.